ఆరని పూత

పాలిష్ పనిలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన చెయ్యి పడ్డ బీరువా ముందు నిలబడి తల దువ్వుకోవచ్చునని జనం చెప్పుకునేవారు. దాంతో అసలు పేరు మరుగున పడిపోయి, అద్దం మేస్త్రీ అన్న పేరే నిలిచింది. ఆ పేరంటే ఆయనకు లోలోపల చెప్పలేనంత గర్వం. పైకి మాత్రం "ఏదో పొట్టకూటి పని" అనేవాడు. అలా అని, ఎదుటివాడు కాదు కాదనేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు.

ఆ అద్దంలో సగం ఆయన భార్యది. ఆ మాట ఎవరూ అనలేదు, ఆయన అసలే అనలేదు. పాలిష్ మెరవాలంటే ముందు చెక్కను గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చెయ్యాలి. చెయ్యి పడిపోయే ఆ చాకిరీ అంతా ఆమెదే. ఆరుతున్న పూత మీద దుమ్ము పడకూడదని తలుపులూ కిటికీలూ బిగించిన గదుల్లో కూర్చుని ఆమె రుద్దేది. పొడి లేచి ఆమె జుట్టు మీద, కనుబొమల మీద పేరుకునేది. "అప్పుడే ముసలిదానివైపోయావే" అని ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ పొడి లోపలికి కూడా పోతోందన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. మూతికి గుడ్డ కట్టుకోమని ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ పొడే చివరికి ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే దగ్గు, తరవాత పడుకున్నా ఆయాసమే. మంచం పక్కన గాలి మిషను పెట్టి, దాని గొట్టం ముక్కుకు తగిలించారు. డాక్టరమ్మ మనసున్న మనిషి, అయినా అబద్ధమాడే మనిషి కాదు. "ఇది బాగయ్యేది కాదండీ. ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండేలా చూసుకోండి. పొడిగా ఉన్న రోజుల్లో ఆరుబయట పడుకోబెట్టండి, ప్రాణం తెరిపిన పడుతుంది. గాలిలో తడి ఉంటే మాత్రం గడప దాటించొద్దు" అంది.

ఆరుబయట అంటే ఎక్కడ? ఇంటి వెనక తలుపు తీస్తే నాలుగు మెట్లు, వాటి కింద గుంతలు పడ్డ నేల. చక్రాల మంచం ఆ మెట్లు దిగదు, దిగినా ఆ గుంతల్లో కదలదు. అప్పుడు ఆమె తమ్ముడు పూనుకున్నాడు. అతను వడ్రంగి. తన ఇంటి పనైనా వాయిదా వేస్తాడేమో గాని అక్క పనంటే కాలు నిలవదు. గుంజలు పాతి, దూలాలు వేసి, వాటి మీద పలకలు పరిచి, గడపకు సరిసమానంగా ఒక చెక్క అరుగు కట్టాడు. మంచం తిన్నగా గదిలోంచి అరుగు మీదికి దొర్లిపోతుంది. గొట్టం అరుగు మధ్యదాకా అందుతుంది.

ఆ ఏడు ఎండలున్నంత కాలం ఆమె అక్కడే ఉంది. ఎదురుగా చూడ్డానికి పెద్ద వింతలేమీ లేవు. పక్కింటివాళ్ళ బట్టలారేసే తీగ, సందు చివర స్కూటర్లు బాగుచేసే షెడ్డు, గోడ మీద తిరిగే ఒక గుడ్డి పిల్లి. అదే ఆమెకు చాలు. ఎవరింట్లో దుప్పట్లు ఉతికారో, షెడ్డు కుర్రాళ్ళలో ఎవరు ఎవరితో అలిగారో, అన్నీ ఆమెకు తెలుసు. రాత్రి ఆయన అన్నం పెడుతుంటే ముద్ద ముద్దకూ ఒక కబురు చెప్పేది. ముద్దకూ ముద్దకూ మధ్య ఊపిరి తీసుకునేది. ఆమెకు నయమవుతోందని ఆయన అనుకున్నాడు. డాక్టరమ్మ చెప్పింది ఒక చెవితో విని రెండో చెవితో వదిలేశాడు.

అరుగుకు ఒక్కటే లోటు. పలకకూ పలకకూ మధ్య బావమరిది చిటికెన వేలు మందాన సందు వదిలాడు. మంచం దొర్లించినప్పుడల్లా చక్రాలు ఆ సందుల్లో టక్కు టక్కుమని పడేవి. ఆ కుదుపుకు ఆమెకు దగ్గు తెర వచ్చేది. ఆమె ఏమీ అనేది కాదు గాని, ఆయన ప్రాణం విలవిల్లాడేది. పైగా సందు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. జీవితమంతా సందులు పూడ్చి, గీతలు మాపి బతికిన మనిషి. వానలు ఇంకా రానేలేదు, బావమరిది ఎక్కడో దూరంగా పనికి వెళ్ళి ఉన్నాడు. ఆయన కూర్చుని సందులన్నిటిలో లప్పం కూరాడు. దాని మీద తనకు తెలిసిన విద్యంతా చూపించాడు. పూత మీద పూత, పూత మీద పూత. అరుగంతా ఒకే పలకలా తళతళలాడింది. మంచం దాని మీద చప్పుడు లేకుండా జారింది.

"ఏమయ్యా మేస్త్రీ, దీని మీద పడుకోనా, మొహం చూసుకోనా?" అంది ఆమె. ఆ మాటకు ఆయనకు కడుపు నిండిపోయింది.

తరవాత వానలు వచ్చాయి. ఆమెను లోపలికి తెచ్చి, వెనక తలుపు వేసేశారు. వానలన్నాళ్ళూ ఆ తలుపు తియ్యలేదు. తీసిన రోజున చూస్తే, మెరుపంతా బొబ్బలెక్కి లేచిపోయింది. బొబ్బ చిదిపితే లోపల నల్లటి నీళ్ళు. ఒక మూల తెల్లటి బూజు, ఇంకో మూల పుట్టగొడుగులు.

కబురందుకుని బావమరిది వచ్చాడు. స్క్రూడ్రైవరు తీసి పలక మీద ఆనించి నొక్కాడు. అది పిడిదాకా దిగిపోయింది.

"బావా, సందులెందుకు వదిలానో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా. పడ్డ నీరు కిందికి పోవాలి, కింద గాలి పైకి రావాలి. నువ్వు కిందికి పోయే దారి మూసేశావు. లప్పం పగిలిన చోటల్లా లోపలికి దిగిన నీరు మళ్ళీ పైకి రాకుండా మూతేశావు. ఇది బీరువా కాదు బావా! బీరువా మీద వాన పడుతుందా?"

"కుదుపుకు మీ అక్క దగ్గుతోందిరా" అన్నాడు ఆయన.

బావమరిది స్క్రూడ్రైవరు పీకి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమే డాక్టరమ్మ వచ్చి ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. బయటికి వచ్చాక ఆయనతో మెల్లగా చెప్పింది. "ఇప్పుడు మంచి రోజులు. ఎంతసేపు వీలైతే అంతసేపు బయట ఉంచండి. మళ్ళీ వానలు పడేనాటికి ఆవిడ బయటికి వచ్చే స్థితిలో ఉండరు. అసలు ఉంటారనే నేను చెప్పలేను." ఈసారి ఆయన రెండు చెవులతోనూ విన్నాడు. వినకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు.

బావమరిది చివికిపోయిన పలకలు పీకి, మునుపటిలాగే సందులు వదిలి కొత్తవి బిగించాడు, మిగతా సందుల్లో లప్పం తవ్వేశాడు. దూలాలు అదృష్టవశాత్తూ గట్టిగానే ఉన్నాయి. పని అయ్యాక చెమట తుడుచుకుంటూ అన్నాడు. "పాత పూత గీకేసి, చెక్క ఎండాక నూనె పట్టించాలి. కానీ తొందరేం లేదు. రేపే అక్కను బయటికి తీసుకురా. పచ్చి చెక్క మీదే పడుకుంటుంది. ఒక ఏడు నూనె లేకపోతే కొంప మునగదు, రంగు కాస్త నల్లబడుతుంది, అంతే."

"కొత్త పలకలు కూడా పుచ్చిపోతే?"

"వచ్చే ఏడు మారుద్దాం."

వచ్చే ఏడు అన్న మాట విని ఆయన మొహం తిప్పుకున్నాడు. తడి తగలని, పుచ్చని, ఎవరూ వేలెత్తి చూపలేని అరుగు ఆమెకు ఇవ్వాలి. చెడగొట్టింది తనే కాబట్టి బాగుచెయ్యాల్సిందీ తనే. ఆమె ఊపిరితిత్తులను బాగుచెయ్యలేడు, కనీసం అరుగునైనా చెయ్యాలి. ఇలా ఆయన మాటల్లో అనుకోలేదు గాని, మర్నాడు పొద్దున్నే గరుకు కాగితం పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

గీకితే పొడి లేస్తుంది. ఆమె ఉన్న ఇంట్లోకి ఆ పొడి రవ్వంత కూడా పోకూడదు. అందుకని వెనక తలుపు మూశాడు, కిటికీ మూశాడు, గడప కింద తడిగుడ్డ కుక్కాడు. బయట బంగారం లాంటి ఎండ. ఆమె లోపల దీపం వెలుతురులో పడుకుంది. వింటుంటే ఇది ఎంత పెద్ద తప్పో మనకు తెలుస్తూనే ఉంది. ఆయనకు తెలియలేదు. చేతిలో పని ఉన్న మనిషికి కొన్ని తెలియవు.

ఆమె లోపలినుంచి చప్పుడు వినేది. జీవితమంతా చేసిన పని కదా, కాగితం చెక్క మీద ఎలా నడుస్తోందో చెవితోనే చెప్పగలదు. గోడ మీద వేళ్ళతో కొట్టి పిలిచేది.

"తలుపు వైపు ఇంకా గరుకుంది. పోలేదు."

"నాకు తెలుసులే."

"తెలిస్తే వదిలేస్తావేం? ఇదిగో, మూతికి గుడ్డ కట్టుకున్నావా?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. కట్టుకోలేదు. కట్టుకున్నానని చెప్పి, వెంటనే భుజం మీది తువ్వాలు తీసి కట్టుకున్నాడు. దాని కింద కాసేపు ఏడ్చాడు. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.

చెక్క తేరింది, ఎండింది. నూనె పట్టించాడు. బావమరిది దగ్గరుండి చెప్పాడు. "ఇది నీ పాలిష్‌లా పైన నిలబడేది కాదు. చెక్క తాగినంత తాగుతుంది. మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి. ఒక్క పూత వేసి రెండు రోజులు ఆరనిస్తే అయిపోయింది." ఆయన తల ఊపాడు. ఒక పూత వేశాడు, తుడిచాడు. రెండు రోజులు ఆగాడు. ఆరింది. బావమరిది వచ్చి అరచేత్తో రాసి "ఇంక తీసుకురా అక్కను" అన్నాడు.

ఆయన కిందికి వంగి ఎండకు అడ్డంగా చూశాడు. ఒక పలక ఎక్కువ తాగింది, పక్క పలక తక్కువ తాగింది. ఒకటి ముదురు, ఒకటి లేత. అద్దం మేస్త్రీ చేతి పని ఇలా అతుకుల బొంతలా ఉండడమా! "ఇంకొక్క పూత" అన్నాడు.

"బావా, దీన్ని చూసేదెవరు? ఆ గుడ్డి పిల్లా?"

"ఒక్క పూతరా. రెండు రోజులు."

ఆ పూత వేశాక తుడవాలని ఆయనకు తెలుసు. కానీ చెక్క మీద తడితడిగా నిలిచిన ఆ మెరుపు చూస్తే చెయ్యి రాలేదు. అంత మెరుపును ఆయన జన్మలో ఎప్పుడూ తుడిచెయ్యలేదు. వదిలేశాడు. అది ఆరలేదు. వేలు పెడితే బంకలా అంటుకుంది. దాన్ని గీకడానికి మళ్ళీ తలుపు మూశాడు, కిటికీ మూశాడు, తడిగుడ్డ కుక్కాడు. అలా పూయడం, గీకడం, మళ్ళీ పూయడంతోనే నెలలు గడిచిపోయాయి.

"అయిందా?" అని ఆమె రోజూ అడిగేది. "ఇదిగో, అయిపోవచ్చింది" అనేవాడు. మొదట్లో గట్టిగా అడిగేది, తరవాత మెల్లగా, తరవాత కళ్ళతోనే. గాలి మిషను ముల్లు పైకి తిప్పాల్సి వచ్చింది. ఆ ముల్లు తిప్పింది ఆయనే. తిప్పి, వెళ్ళి గరుకు కాగితం పట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం టీ కప్పు ఆమె పెదాలకు అందిస్తుంటే ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన చేతులు నూనె వాసన వేస్తున్నాయి.

"నాకు తెలుసులే" అంది.

"ఏం తెలుసు?"

"అది అయిపోతే... ఇంక నీకు చెయ్యడానికి ఏం మిగలదు." ఊపిరి కోసం ఆగింది. "నా పక్కన ఊరికే కూర్చోవాలి. దానికి భయం నీకు."

పని చేస్తున్నంతసేపూ ఆమెకు ఏదో చేస్తున్నట్టే ఉంటుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆమె ఛాతీ ఎగిరెగిరి పడడం చూడాలి. అది ఆయన వల్ల కాదు. నిజం ఆమె నోట విన్నాక కూడా ఆయన వల్ల కాలేదు. కప్పు కడిగి బోర్లించి, వెనక తలుపు తీసుకుని బయటికే వెళ్ళాడు.

చివరికి పలకలన్నీ ఒకే రంగుకు వచ్చాయి. ఆఖరి పూత వేశాడు, ఈసారి తుడిచాడు కూడా. అప్పటికి ఎండల తీరు మారింది. గాలి బరువెక్కింది. అలాంటి గాలిలో నూనె తొందరగా ఆరదు. మర్నాడు పొద్దున ఆకాశం ఒక పక్క నల్లగా ఉంది, అరుగు మీద మాత్రం ఇంకా ఎండ ఉంది. బావమరిది పని మానుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"వాన దిగుతోంది. ఇవాళ కాకపోతే ఇంక లేదు. పద అక్కా."

ఆమె మొహంలోకి ఎన్నాళ్ళకో రక్తం వచ్చింది. జుట్టు సర్దుకోబోయింది, చెయ్యి లేవలేదు. తమ్ముడే సర్దాడు. మంచం చక్రాల కొక్కేలు వదులు చేసి, గొట్టం జాగ్రత్తగా భుజాన వేసుకుని, గడపదాకా దొర్లించాడు. గడపలో మేస్త్రీ నిలబడి ఉన్నాడు. వెనక ఆయన అరుగు, చెయ్యి వేస్తే ఇంకా రవ్వంత అంటుకునే అరుగు, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

"మరకలు పడతాయి" అన్నాడు ఆయన.

అనాలని అనలేదు. ఎన్నో ఏళ్ళుగా, ఆరని పని మీదికి ఎవరు వచ్చినా, పిల్లలైనా ఇంటివాళ్ళైనా, ఆ మాటే ఆయన నోటి చివర సిద్ధంగా ఉండేది. అదే జారిపడింది. బావమరిది ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పిడికిలి బిగించాడు. మంచం మీద ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు వాటిలో కోపం లేదు. కోపం ఉంటే ఆయన బతికిపోయేవాడు.

"వద్దురా తమ్ముడూ" అంది. "ఆరనీ. రేపు వెళ్తాలే."

"కాదు, కాదు, పదండి" అని ఆయన పక్కకు తప్పుకున్నాడు. "నాదే బుద్ధి తక్కువ. మంచం తీసుకురారా, నేనూ పట్టుకుంటాను." తనే మంచం పట్టీ పట్టుకుని లాగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమెకు ఇష్టం లేకుండా ఆ మంచాన్ని కదిపే ధైర్యం ఇద్దరు మగవాళ్ళలో ఎవరికీ లేకపోయింది. కాసేపటికి గాలి లేచింది. తడివాసన గదిలోకి వచ్చి ఆమె దగ్గసాగింది. తలుపు మూసెయ్యాల్సి వచ్చింది.

వాన ఆ సాయంత్రమే మొదలైంది. అరుగు మీద నీళ్ళు పూసల్లా దొర్లి, సందుల్లోంచి కిందికి జారిపోయాయి. ఒక్క చుక్క నిలవలేదు. పని అంటే అదీ. మేస్త్రీ అప్పుడు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమె ఛాతీ వైపే చూస్తూ కూర్చున్నాడు. రాత్రీ పగలూ అలాగే ఉన్నాడు. ఆయనకు చేతనైంది, కాకపోతే ఆలస్యంగా. ఆమె ఒకటి రెండుసార్లు ఆయన చెయ్యి వెతుక్కుంది. వానలు సగంలో ఉండగానే పోయింది.

మళ్ళీ ఎండలు వచ్చాయి. బావమరిది చాలాకాలం ఆ గడప తొక్కలేదు. తొక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. కానీ సందు చివరి షెడ్డు కుర్రాళ్ళు వచ్చి, మీ బావ ఇంటి వెనక పొద్దున్నించీ ఏదో చప్పుడు అవుతోంది, పిలిస్తే పలకడం లేదు అని చెబితే, తిట్టుకుంటూనే వచ్చాడు.

వెనక తలుపు బార్లా తీసి ఉంది. అరుగు మీద మేస్త్రీ ఖాళీ మంచాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు దొర్లిస్తున్నాడు. మంచం మీద ఇంట్లో ఉన్న బరువులన్నీ, బియ్యం బస్తా, రుబ్బురోలు, పనిపెట్టె, అన్నీ పేర్చి ఉన్నాయి. చక్రాలు సందుల్లో టక్కు టక్కుమని పడుతున్నాయి. ఒక్కో దఫా అయ్యాక ఆయన మోకాళ్ళ మీద వంగి, పలకలకు బుగ్గ ఆనించి, ఎండకు అడ్డంగా చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

ఆయన తలెత్తాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"పడట్లేదురా" అన్నాడు. "ఎంత తొక్కినా ఒక్క మరకా పడట్లేదు."

లేచి మళ్ళీ మంచం పట్టీ పట్టుకున్నాడు. బావమరిది గడపలో నిలబడ్డాడు. చెప్పులు విడిచి వెళ్ళి, మంచం రెండో కొస పట్టుకున్నాడు.